శ్రమల దినాల్లో పిల్లలకు తాటాకు పని నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ఈస్టర్‌కు ముందు ఉపవాసాలతో గడిపే శ్రమల దినాలు మొదలైతే మా నల్లగొండ, పాలమూరు జిల్లాల సండే స్కూళ్లలో పిల్లలతో సిలువలు చేయించడం మామూలే. చాలాచోట్ల అందుకు థర్మాకోల్ షీట్లు, మెరుపు కాగితాలు తెప్పిస్తున్నారు. కోస్తుంటే తెల్లటి పూసలు గదంతా రాలతాయి. ఈస్టర్ మర్నాడు ఆ సిలువలే చెత్తలో కనబడతాయి. ఊరి చుట్టూ తాళ్లు, ఈతలు, జొన్నచేన్లు ఉండగా ఈ ఖర్చు ఎందుకో, ఈ చెత్త ఎందుకో పాస్టర్లు, ఫాదర్లు, టీచర్లు ఆలోచించాలని మా మనవి.

తాటాకు కోసం గీత కార్మికులను అడగండి. చెట్టెక్కినప్పుడు వాళ్లు నరికేసే మట్టలు చాలు. లేత ఆకు మెత్తగా వంగుతుందని మొవ్వు మాత్రం కోయించొద్దు. తాటిచెట్టుకు ఎదిగే మొగ్గ ఒక్కటే, దానికి దెబ్బ తగిలితే చెట్టే పోతుంది. మట్ట అంచులకు రంపపు పళ్లుంటాయి కాబట్టి ఆకు విడదీసే పని పెద్దవాళ్లే చేయాలి.

పచ్చి ఆకుతో అప్పటికప్పుడు కట్టిన సిలువ రెండు రోజులకే వదులవుతుంది, ఆకు ఆరుతూ కుంచించుకుపోతుంది గనక. బాగా ఎండిన ఆకును అలాగే మడిస్తే మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది. అందుకే ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారానికి నాలుగు రోజుల ముందే ఆకు తెచ్చి, ఈనె తీసేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టండి. పనికి గంట ముందు నీళ్లు చిలకరించి తడి గోనెసంచిలో చుట్టి ఉంచండి. చాపలల్లేవాళ్లు చేసేదీ ఇదే.

ఒక్కో పిల్లవాడికి అరంగుళం వెడల్పు పట్టీలు రెండు కావాలి: ఒకటి 18 అంగుళాలు, ఒకటి 12. పావు అంగుళం వెడల్పున అడుగు పొడవు సన్నపట్టీ ఇంకొకటి. పెద్దదాన్ని సగానికి మడిస్తే 9 అంగుళాల నిలువు వస్తుంది, మడత పైకి ఉండాలి. రెండోదాని రెండు కొసలూ నడిమికి మడిస్తే 6 అంగుళాల అడ్డం. పైనుంచి 3 అంగుళాల కింద, నిలువు రెండు పొరల మధ్య అడ్డాన్ని దూర్చి, కూడలి మీద సన్నపట్టీని ఏటవాలుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు చుట్టి, వెనక మడతలోకి దోపాలి. జిగురు అక్కర్లేదు. కొందరు నిలువుకు బ్లేడుతో గాటు పెట్టి అడ్డాన్ని దూరుస్తారు. తాటాకు నార నిలువునా ఉంటుంది కాబట్టి ఆ గాటు పెరిగి పట్టీ రెండుగా చీలుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు ఈ పని కష్టం. వాళ్లకు జొన్న బెండు ఇవ్వండి. పైబెరడు బ్లేడులా కోస్తుంది, అది పెద్దవాళ్లు ఒలిచిపెట్టాలి.

ముళ్ల కిరీటానికి తుమ్మముళ్లు వద్దు, ఉప్పు పిండి చాలు. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తటి ఉప్పు కలిపి ముప్పావు గ్లాసు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా గట్టిగా పిసకాలి. దొడ్డుప్పు కరగదు, ఆరాక అక్కడే పగులు వస్తుంది. చిటికెనవేలు లావున అడుగున్నర పొడవు తాళ్లు మూడు చేసి, జడలా అల్లి, కొసలు తడిచేసి కలపండి. ఈ పిండి మూడు కిరీటాలకు వస్తుంది. ఒక్కోదానికి 40 టూత్‌పిక్‌లు, బయటి మొన విరిచి, గుచ్చాలి. దినానికొక పుల్ల తీయిస్తూ ఆ రోజు ఎవరికి సాయం చేశారో అడుగుతారు. కానీ పిండి గట్టిపడితే పుల్ల ఊడదు, లాగితే కిరీటమే విరుగుతుంది. సగం ఆరినప్పుడే ఒక్కో పుల్లనూ కాస్త తిప్పి వదులు చేయాలి. ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి పగులుతుంది, నీడనే ఆరనివ్వాలి. మూడు రోజులు పడుతుంది కనుక శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారానికి ముందే చేయండి.

శ్రమల దినాలు లెక్కపెట్టడానికి రోజుకొక పట్టీ చొప్పున కాగితపు గొలుసు చేసేవాళ్లు లెక్క తప్పుతుంటారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు వరకు 46 రోజులు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఊదారంగు ఏ4 కాగితాలు ఐదు తీసుకుని, ఒక్కోదాన్ని 3 సెంటీమీటర్ల వెడల్పున అడ్డంగా కోస్తే తొమ్మిదేసి పట్టీలు వస్తాయి. ఆదివారాలకు తెల్ల కాగితం ఒకటి చాలు.

ఇంకొక్క మాట. కథోలిక దేవాలయాల్లో ఈ ఏటి మట్టలను దాచి వచ్చే ఏడు భస్మ బుధవారానికి కాల్చి బూడిద చేస్తారు. రంగు, వార్నిషు, ప్లాస్టిక్ రిబ్బను తగిలిన సిలువ అందుకు పనికిరాదు. తాటాకును ఉత్తగానే వదిలేయమని పిల్లలకు ముందే చెప్పండి. పాత సిలువలు తెచ్చి వేయడానికి గుడి వాకిట ఒక గంప పెట్టించండి.

ఇట్లు,
సండే స్కూల్ ఉపాధ్యాయులు, నల్లగొండ