ఫోన్ పెట్టేసినవాళ్ళ లెక్క కూడా చెప్పండి: ప్రణాళిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారమండి.

గుంటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి. మీ పార్టీవాణ్ణి కాదు, అవతల పార్టీవాణ్ణీ కాదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే మిగతాది ఎవరూ చదవరు.

మొన్న ఉదయం పదకొండింటికి మా ఇంటికి మీ ప్రభుత్వం నుంచి రికార్డింగ్ కాల్ వచ్చింది. ఫలానా సేవ బాగుంటే 1 నొక్కండి, బాగోకపోతే 2 నొక్కండి అని. ఎత్తింది మా అమ్మ. ఆ సేవ గురించే వారం రోజులుగా గొణుగుతున్న మనిషి, తీరా 1 నొక్కింది. అదేంటమ్మా అంటే, "మన నెంబరు వాళ్ళ దగ్గరుందిగా, 2 నొక్కి రేపు పింఛను మీదకి తెచ్చుకోమంటావా" అంది. ఇలాంటి 1లన్నీ కూడి, ఇంత శాతం ప్రజలు సంతృప్తిగా ఉన్నారని పేపర్లో వస్తుంది.

మా మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కొనేవాడు పైన కాయ చూసి ధర చెప్పడు. చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి లాగి చూస్తాడు, ఎందుకంటే పైన తేజ రకం కాయ మిలమిలలాడుతున్నా లోపల తాలు ఉండొచ్చు. పదకొండింటికి ఫోన్ ఎత్తి చివరిదాకా వినేవాళ్ళు టిక్కీలో పైకాయలండి. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషను దగ్గర నిలబడ్డవాడు ఆ కాల్ కట్ చేస్తాడు, వాడి అభిప్రాయం మీ శాతంలో ఎక్కడా ఉండదు.

ఎక్కువమందిని అడిగితే సరిపోతుంది అనుకుంటారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి, అవి లెక్కేసి లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాల నుంచి పేర్లు తీసుకోవడం ఒక తప్పు, జవాబివ్వని ముప్పావు వంతు మందిని మర్చిపోవడం ఇంకో తప్పు.

పోనీ శాంపిల్ సరిగ్గానే తీశారనుకుందాం. కిందటి నెల 400 మందిని అడిగితే 50 శాతం బాగుందన్నారు, ఈ నెల వేరే 400 మందిలో 54 శాతం అన్నారు. వెంటనే "4 పాయింట్లు పెరిగింది" అని ప్రెస్ మీట్. కానీ జనం మనసు వీసమెత్తు మారకపోయినా పెరుగుదలో తరుగుదలో, ఇంతకి తక్కువ కాని తేడా నూటికి దాదాపు 26 సార్లు ఊరికే వస్తుంది. అదే నెలకి 2,500 మంది చొప్పున అడిగి ఉంటే ఆ 4 పాయింట్లను నేనూ నమ్ముతా. మా రెండో సంవత్సరం పిల్లలు కైస్క్వేర్ (తేడా నిజమైనదా, ఊరికే వచ్చిందా అని చూసే పరీక్ష) వేసి పది నిమిషాల్లో చెప్పేస్తారు, కాకపోతే వాళ్ళకి శాతాలు కాదు, తలల లెక్క కావాలి.

రిగ్రెషన్ (ఒక లెక్క మారితే ఇంకో లెక్క ఎలా మారుతుందో గీత గీసి చూడడం) పిచ్చి ఇంకోటి. ఫారం 20లో (ఎన్నికల తుది ఫలితాల పత్రం) బూత్‌వారీ ఓట్లు తీసుకుని, పేటవారీ కరెంటు బిల్లులు పక్కన పెట్టి, బిల్లు ఎక్కువున్న చోట పోలింగ్ తక్కువ కనుక ఏసీ ఉన్నోళ్ళు ఓటెయ్యరు అని తేల్చేస్తే ఎలా? ఆ పేటలో ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ళ పేర్లు జాబితాలో మిగిలిపోయి ఉండొచ్చు, ఓటెయ్యనిది వాళ్ళే కావచ్చు. రాబిన్సన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1950లోనే చూపించాడు: అమెరికాలో వలసవచ్చినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువ, కానీ మనిషి మనిషినీ చూస్తే వలసవచ్చినవాళ్ళలోనే తక్కువ. చదువుకున్న రాష్ట్రాలకే వాళ్ళు వలస వెళ్ళారు, అంతే సంగతి. పేట లెక్క పేటదే, మనిషికి అంటించకూడదు.

నూజివీడులో, నందిగామలో బడికెళ్ళిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారికి 2023లో, నూట రెండేళ్ళ వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇస్తే మనమంతా మావాడే అని ఫ్లెక్సీలాంటి పోస్టులు పెట్టుకున్నాం (నేనూ పెట్టా లెండి). ఆయన విద్యని మాత్రం మన లెక్కల్లో వాడుకోవద్దా?

నేను అడిగేది పెద్దదేం కాదు. ఎన్ని కాల్స్ చేశారు, ఎంతమంది ఎత్తారు, ఎంతమంది మధ్యలో పెట్టేశారు, ప్రశ్న మాటల్లో ఏముంది, ఏ టైములో చేశారు, ఇవన్నీ శాతం పక్కనే అచ్చెయ్యండి. పేర్లు, నెంబర్లు తీసేసి ముడి లెక్కలు ఎక్సెల్‌లో పెట్టండి, స్కాన్ చేసిన ఫొటోలు వద్దు. పదిళ్ళలో ఒకింటికైనా నెంబరు అడగని మనిషిని పంపించి, అక్కడొచ్చిన జవాబుల్ని ఫోన్ జవాబులతో పోల్చి చూడండి, భయం ఎంతుందో దానికదే తేలుతుంది.

ఇంకొక్కటి. దయచేసి ఈ ఉత్తరం చూసి మా అమ్మ నెంబరు వెతికించకండి. నేను రాసినట్టు ఆవిడకి తెలీదు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక స్టాటిస్టిక్స్ మాస్టారు