ఆదివారం వాలంటీర్ల శిక్షణ, బ్లాకుకి ఇద్దరు రావాలి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన చెన్నై వేళచ్చేరి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వరదలప్పుడు సాయానికి వచ్చే వాలంటీర్లను ఎలా నడిపించాలో రెండు గంటల శిక్షణ ఉంది.

2015 డిసెంబరు వరదల్లోనూ, 2023లో మిచాంగ్ తుఫానప్పుడూ సాయానికి వచ్చినవాళ్లకు కొదవ లేదు, కానీ ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు లేక అందరూ ఒకే వీధికి అన్నం పొట్లాలు మోశారు, వెనక వీధిలో పెద్దవాళ్లు మందుల్లేక ఇబ్బంది పడ్డారు. నాకు ఇప్పటికీ బాధే.

వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసుకోవడం, ఎవరినీ ఒంటరిగా నీళ్లలోకి పంపకపోవడం, వెళ్లినవాళ్లు తిరిగొచ్చారో లేదో చూసుకోవడం, అలసినవాళ్లను ఇంటికి పంపడం నేర్చుకుందాం.

పేర్లు శుక్రవారంలోపు ఇక్కడే పెట్టండి. తమిళం బాగా వచ్చినవాళ్లు తప్పక రండి, మీ అవసరం చాలా ఉంది.

అత్యవసర సాయానికి 112, చెన్నై కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1913 నంబర్లు ఇప్పుడే సేవ్ చేసుకోండి.