హరిత విద్యుత్ రుణాల లెక్క తెలుగులో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

విద్యుత్ లైన్లకో, సౌర పార్కులకో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జర్మనీకి చెందిన అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ వంటి సంస్థలు రుణం మంజూరు చేసినప్పుడల్లా ‘తక్కువ వడ్డీకి’ అనే మాట వార్తల్లో కనిపిస్తుంది. ఆ మాట నిజమే. అయితే ఆ అప్పును ఏ కరెన్సీలో తీర్చాలి, రూపాయి విలువ పడిపోతే నష్టం ఎవరి మీద పడుతుంది, పనులు ఆలస్యమైతే అదనంగా ఏం చెల్లించాలి అన్న వివరాలు మాత్రం, చివరకు ఆ భారం మోసే ఆంధ్రప్రదేశ్ వినియోగదారుడికి అర్థమయ్యే భాషలో అందడం లేదు. ఈ లోటును మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి, విద్యుత్ నియంత్రణ మండలి దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ బ్యాంకుల సాయం మనకు అవసరమన్నదే నా నమ్మకం. బొగ్గు కేంద్రం నడిచినంత కాలం బొగ్గు కొంటూనే ఉండాలి. సౌర ఫలకానికి, గాలిమరకు ఇంధనం కొనే పని లేదు గానీ ఖర్చు దాదాపు అంతా ముందే పెట్టాలి కనుక, యూనిట్ ధరలో పెద్ద భాగం అసలు, వడ్డీల రూపంలోనే ఉంటుంది. ఒక్క శాతం వడ్డీ తగ్గినా ఆ మేలు పాతికేళ్ల పాటు బిల్లులో కనబడుతుంది. ప్రజల డిపాజిట్ల మీద నడిచే మన వాణిజ్య బ్యాంకులు ఇరవై ఏళ్ల అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. అభివృద్ధి బ్యాంకులు సభ్య దేశాల మూలధనం, పూచీ అండగా అత్యున్నత రేటింగుతో బాండ్లు అమ్మి, చౌకగా సొమ్ము సేకరించి, దానిపై కొద్దిపాటి మార్జిన్ మాత్రమే వేసుకుని, మొదటి కొన్నేళ్లు అసలు కట్టనక్కర్లేని వెసులుబాటుతో అప్పు ఇవ్వగలుగుతాయి.

ఆ సొమ్మును సరైన చోట పెడితే ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లోని రీవా చూపించింది. అక్కడి 750 మెగావాట్ల పార్కులో సౌర ఫలకాలకు పెట్టుబడి ప్రైవేటు కంపెనీలే పెట్టుకున్నాయి. ప్రపంచ బ్యాంకు రుణం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇరెడా ద్వారా పార్కు లోపలి సబ్‌స్టేషన్లకు, లైన్లకు వెళ్లింది. ఒప్పంద పత్రాల తయారీలో ప్రపంచ బ్యాంకు బృందానికే చెందిన ఐఎఫ్‌సీ సలహాదారుగా ఉంది. విద్యుత్తు కొన్నవారు డబ్బు చెల్లించకపోతే ఎవరు చెల్లిస్తారన్నది, రాష్ట్ర ప్రభుత్వ పూచీతో సహా, ముందే రాసుకున్నారు. 2017 ఫిబ్రవరిలో జరిగిన వేలంలో మొదటి ఏడాది ధర యూనిట్‌కు 2 రూపాయల 97 పైసలు పలికింది. అంతకు ముందు దేశంలో సౌర విద్యుత్తుకు అంత తక్కువ ధర రాలేదు.

మన రాష్ట్రంలో జరిగింది వేరు. పాత పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడాలని 2019లో ప్రభుత్వం పూనుకుంది. వ్యవహారం కోర్టుకెక్కింది. జపాన్ రాయబారి సైతం ఆందోళన తెలుపుతూ ముఖ్యమంత్రికి లేఖ రాశారు. మధ్యంతరంగా యూనిట్‌కు పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయల చొప్పున చెల్లిస్తూ వచ్చాక, ఒప్పందంలో ఉన్న ధరే ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. ఆ ధరలు ఎక్కువా కావా అన్న వాదనను పక్కన పెట్టినా, అప్పిచ్చేవారిలో పుట్టిన భయం తర్వాతి ప్రాజెక్టుల వడ్డీలో కలుస్తుందన్నది కాదనలేం. సంతకాలు పెట్టిన నాడే ఆ ఒప్పందాల లెక్క జనం ముందు విప్పి పెట్టి ఉంటే ఇంత పేచీ అయ్యేది కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విద్యుత్తును తీసుకెళ్లే లైన్ల కోసం ఎనిమిది రాష్ట్రాల్లో చేపట్టిన హరిత ఇంధన కారిడార్ మొదటి దశలో ఆంధ్రప్రదేశ్ ఉంది. మొత్తం అంచనా వ్యయం 10,141 కోట్ల రూపాయలు. అందులో 40 శాతం కేంద్ర గ్రాంటు, 40 శాతం కేఎఫ్‌డబ్ల్యూ రుణం, 20 శాతం రాష్ట్రాల వాటా. 2020 నాటికి ముగియవలసిన ఈ పథకానికి, మన రాష్ట్రంతో సహా పలు చోట్ల, గడువు మీద గడువు పొడిగించవలసి వచ్చింది. అభివృద్ధి బ్యాంకుల రుణాల్లో సాధారణంగా ఒక నిబంధన ఉంటుంది: మంజూరై ఇంకా వాడుకోని సొమ్ముపైనా కమిట్‌మెంట్ చార్జీ కట్టాలి. అంటే పని ఆగినా మీటరు ఆగదు. మరోవైపు, లైను లేనందున ఉత్పత్తి తగ్గించుకోవలసి వస్తే ఆ నష్టం వేరే.

పని ఎందుకు ఆగుతుందో పొలంలో నిలబడి చూస్తే తెలుస్తుంది. టవరు నాలుగు కాళ్ల మధ్య ట్రాక్టర్ తిరగదు, బోరు వేయడానికి వీలుండదు, తీగల కింద చెట్టు పెంచనివ్వరు. ఆ భూమి అమ్మబోతే కొనేవారు ధర సగానికి సగం అడుగుతారు. టవరు అడుగు భాగానికి భూమి విలువలో 85 శాతం పరిహారం చాలన్న 2015 నాటి మార్గదర్శకాలను కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్‌లో సవరించి, దాన్ని 200 శాతానికి, తీగల కింది భూమికి 30 శాతానికి పెంచింది. ఈ సంగతి ఎందరు రైతులకు తెలుసు? తెలియని రైతు పని అడ్డుకుంటాడు, పని ఆగిన కొద్దీ చార్జీ పెరుగుతుంది, అది తిరిగి అదే రైతు ఇంటి బిల్లుకు చేరుతుంది.

మారకపు నష్టం సంగతి ఇంతకంటే పెద్దది. కేంద్రం ద్వారా వచ్చే విదేశీ రుణాలను 2005 నుంచి మన వంటి రాష్ట్రాలకు అవే షరతులతో బదిలీ చేస్తున్నారు కనుక, రూపాయి బలహీనపడితే ఆ నష్టం రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్‌లో నిరంతర విద్యుత్ సరఫరా ప్రాజెక్టుకు 2017లో ప్రపంచ బ్యాంకు 24 కోట్ల డాలర్లు, ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 16 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. అప్పట్లో డాలరు విలువ సుమారు 64 రూపాయలు. 2025లో అది 85 దాటింది. సొమ్ము విడతలుగా వాడుకుంటారు కాబట్టి అన్ని విడతలకూ ఒకే లెక్క వర్తించదు గానీ, మొదట్లో తీసుకున్న ప్రతి డాలరు మీద ఏటా దాదాపు మూడున్నర శాతం అదనపు భారం పడినట్టే. ఇదంతా కలిపినా దేశీయ రుణం కంటే ఇదే చౌక అని తేలవచ్చు. అలా తేలితే నేను సంతోషిస్తాను. కానీ ఆ పోలికను ప్రభుత్వమే లెక్క వేసి చూపాలి.

ఇటువంటి అప్పులు తెలుగువారికి కొత్తవి కావు. రాత్రివేళ మిగిలిన విద్యుత్తుతో నీటిని తిరిగి పైకి తోడే ఏర్పాటున్న 900 మెగావాట్ల శ్రీశైలం ఎడమగట్టు కేంద్రమూ, విశాఖ దగ్గరి సింహాద్రి బొగ్గు కేంద్రమూ జపాన్ రుణాలతోనే వచ్చాయి. అప్పులు వచ్చాయి, కట్టడాలు లేచాయి, షరతులు మాత్రం కార్యాలయాల ఫైళ్లలోనే ఉండిపోయాయి.

విద్యుత్ చార్జీల ప్రతిపాదనలపై తెలుగులో ప్రకటన ఇచ్చి, బహిరంగ విచారణ జరిపి, సామాన్యుల అభ్యంతరాలు వినే పద్ధతి మన దగ్గర ఇప్పటికే ఉంది. ఆ చార్జీలకు కారణమయ్యే రుణాలకు కూడా అదే పద్ధతి వర్తింపజేయాలి. సంతకానికి ముందే రుణం కరెన్సీ, వడ్డీ, గడువు, వాడుకోని సొమ్ముపై చార్జీ, మారకపు నష్టం భరించేదెవరన్నది, యూనిట్ ధరపై పడే ప్రభావం రెండు మూడు పేజీల్లో తెలుగులో ప్రచురించాలి. లైను వెళ్లే ప్రతి గ్రామ సచివాలయంలో పరిహారం నిబంధనలతో పాటు, అన్యాయం జరిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలో రాసి అతికించాలి. ప్రపంచ బ్యాంకులో 1993 నుంచి ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ అనే స్వతంత్ర విభాగం ఉంది. అమరావతి ప్రాంత వాసులు 2017లో దాన్ని ఆశ్రయించారు. దానికి తెలుగులోనే రాసి పంపవచ్చన్న సంగతి కూడా ఆ నోటీసులో ఉండాలి.

వచ్చే టారిఫ్ విచారణకు ముందే, ప్రస్తుతం అమల్లో ఉన్న విదేశీ రుణాలన్నిటి వివరాలను, ఇప్పటివరకు కట్టిన కమిట్‌మెంట్ చార్జీలతో సహా, విద్యుత్ లైన్ల సంస్థ ట్రాన్స్‌కో, పంపిణీ సంస్థలైన డిస్కంలు తెలుగులో దాఖలు చేసేలా నియంత్రణ మండలి ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యుత్ వినియోగదారుడు,
నంద్యాల