జానన్నర దూరం

సంపాదకుల వారికి నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే పేపరు రాగానే ముందు తెరిచేది మీ క్రీడల పేజీయే. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే. కానీ నా మాట అర్థం కావాలంటే ముందు ఒక కొరియా అమ్మాయి గురించి చెప్పాలి. ఆమె పేరు కిమ్ ఇన్ క్యుంగ్. గోల్ఫ్ క్రీడాకారిణి.

2012 ఏప్రిల్ 1. అమెరికాలోని కాలిఫోర్నియాలో మిషన్ హిల్స్ మైదానం. మహిళల గోల్ఫ్‌లో మేజర్‌గా, అంటే అన్నిటికన్నా పెద్ద పోటీల్లో ఒకటిగా లెక్కించే క్రాఫ్ట్ నబిస్కో చివరి రోజు. నాలుగు రోజుల్లో 72 హోల్స్ ఆడాలి, అంటే అన్నిసార్లు బంతిని గుంతలో వేయాలి. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లదే గెలుపు. చివరి హోల్ దగ్గర కిమ్ బంతి 14 అంగుళాల దూరంలో ఆగింది. మన కొలతలో జానన్నర. దాన్ని లోపలికి తోస్తే టైటిల్ ఆమెదే. అక్కడ గెలిచినవాళ్లు గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కనున్న కొలనులోకి దూకడం అప్పట్లో ఆనవాయితీ. ఆ నీళ్లు ఆమెకు కనిపిస్తూనే ఉంటాయి. బంతి హోల్ అంచు మీద గుండ్రంగా తిరిగి బయటికొచ్చేసింది. చేత్తో నోరు మూసుకుని నిలబడిపోయింది. దాంతో స్కోర్లు సమానమై, విజేతను తేల్చడానికి ప్లేఆఫ్ పెట్టారు. మొదటి హోల్‌లోనే తోటి కొరియా క్రీడాకారిణి యూ సన్ యంగ్ బర్డీ కొట్టి, అంటే నిర్ణీత దెబ్బల కన్నా ఒకటి తక్కువలో ముగించి, గెలిచింది. కొలనులో దూకింది యూ.

గ్రౌండులో నిలబడి పిల్లలకు ఆట నేర్పినవాళ్లకు ఇదేమీ వింత కాదు. కష్టమైనది చేసేటప్పుడు పిల్ల ధ్యాసంతా చేసే పని మీదే ఉంటుంది. తేలికైనది ముందుకొచ్చినప్పుడే "ఇది తప్పితే?" అనే ఆలోచన దూరుతుంది. చెయ్యి బిగుసుకునేది అప్పుడే. నన్ను బాధపెట్టింది ఆ పట్ (బంతిని హోల్‌లోకి తోసే దెబ్బ) తప్పడం కాదు, ఆ తర్వాత జరిగింది. ఆ కొన్ని సెకన్ల వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆమె పేరు రాసిన ప్రతిచోటా ముందు ఆ 14 అంగుళాలే వచ్చేవి.

అప్పటికి ఆమె ఎవరు? 17 ఏళ్లకే, 2005లో, అమెరికా బాలికల జూనియర్ ఛాంపియన్. అమెరికా కేంద్రంగా సాగే మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలైన ఎల్‌పీజీఏలో అప్పటికే మూడు టైటిళ్లు గెలిచింది. 2010లో మెక్సికోలో లోరెనా ఒచోవా ఇన్విటేషనల్ గెలిచి, చేతికొచ్చిన 2,20,000 డాలర్లూ అక్కడికక్కడే దానం ఇచ్చేసింది. సగం మెక్సికో గోల్ఫ్ తార ఒచోవా నడిపే ఫౌండేషన్‌కు, సగం అమెరికాలో సేవాకార్యక్రమాలకు. అప్పుడామె వయసు 22. నేను తెలిసినవాళ్లందరికీ ఈ కథ చెబుతుంటాను. గోల్ఫ్ చూసే ఇద్దరు ముగ్గురికి కూడా తప్పిన పట్ గుర్తుంది గానీ ఇచ్చిన డబ్బు సంగతి తెలియదు.

తర్వాత కూడా దెబ్బ మీద దెబ్బ. 2013లో కియా క్లాసిక్ ప్లేఆఫ్‌లో స్పెయిన్ అమ్మాయి బియాట్రిజ్ రెకారి చేతిలో ఓటమి. అదే ఏడాది అమెరికా ఓపెన్‌లో రెండో స్థానం. ఆ పోటీ గెలిచి వరుసగా మూడో మేజర్ అందుకున్న ఇన్‌బీ పార్క్ ఆమె ఈడుదే. ఇద్దరూ 1988లో పుట్టినవాళ్లే. తోటిపిల్ల శిఖరం ఎక్కుతుంటే తను చివరి మెట్టు మీద జారుతూ ఉండటం ఎంత నలుగుడో ఆటలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. 2014లో పోర్ట్‌లాండ్‌లో మళ్లీ ప్లేఆఫ్, మళ్లీ ఓటమి. 2010 నవంబరు తర్వాత ఎల్‌పీజీఏలో గెలుపు మొహం చూసింది 2016 అక్టోబరులో, బీజింగ్‌లో. దాదాపు ఆరేళ్లు.

ఆ ఆరేళ్ల గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తాను. పోటీకి వెళ్లడం, బ్యాగు సర్దుకోవడం, ఇంకో ఊరు, ఇంకో హోటలు, ఎవరో ఒకరు మళ్లీ అదే ప్రశ్న వేయడం. ధ్యానం చేసేది. ఆట మానలేదు. 2017లో జూన్‌లో షాప్‌రైట్ క్లాసిక్ గెలిచింది, జులైలో మారథాన్ క్లాసిక్ గెలిచింది. ఆగస్టులో స్కాట్లాండ్‌లోని కింగ్స్‌బార్న్స్‌లో బ్రిటిష్ ఓపెన్. సముద్రపు గాలి, వాన. చివరి రోజుకు ఆరు స్ట్రోకుల (దెబ్బల) ఆధిక్యంతో దిగింది. ఇంగ్లండ్ క్రీడాకారిణి జోడి యూవర్ట్ షాడాఫ్ ఆ రోజు ఆటను 64 దెబ్బల్లోనే ముగించి తరుముకొచ్చింది. ఆరు కాస్తా రెండైంది. అయినా కిమ్ తొణక్కుండా 71తో ముగించి, మొత్తం 18 అండర్‌తో, అంటే నిర్ణీత దెబ్బల కన్నా 18 తక్కువతో, రెండు స్ట్రోకుల తేడాతో గెలిచింది. జానన్నర దూరం దాటడానికి అయిదేళ్ల నాలుగు నెలలు పట్టింది.

కథ అక్కడితో సుఖాంతమని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. 2019లో అదే మిషన్ హిల్స్ మైదానంలో రెండు రౌండ్లు ముగిసేసరికి ఆమే ముందుంది. మూడో, నాలుగో రోజు వెనకబడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. బ్రిటిష్ ఓపెన్ తర్వాత ఎల్‌పీజీఏలో ఇంకో టైటిల్ రాలేదు. మొత్తం ఏడు. ఆటగాళ్ల జీవితం ఇలాగే ఉంటుంది, ఎత్తు తర్వాత పల్లం, పల్లం తర్వాత ఎత్తు.

కొరియాలో ఈ దారి వేసిన పార్క్ సె రిది కూడా ఇదే వరస. 1998లో, ఆ దేశం ఆర్థిక సంక్షోభంలో మునిగి ఉన్న రోజుల్లో, 20 ఏళ్ల పిల్ల అమెరికా ఓపెన్ ప్లేఆఫ్‌లో బూట్లు, మేజోళ్లు విప్పి నీళ్లలోకి దిగి షాట్ కొట్టింది. దాన్ని చూసి కొరియాలో ఒక తరం ఆడపిల్లలు గోల్ఫ్ కర్ర పట్టారు. ఆమెకూ మధ్యలో ఆట పూర్తిగా చేజారిన రోజులొచ్చాయి. 2006లో మళ్లీ మేజర్ గెలిచింది. ఇన్‌బీ పార్క్ 19 ఏళ్లకే 2008లో అమెరికా ఓపెన్ గెలిచి, ఎల్‌పీజీఏలో తర్వాతి గెలుపు కోసం 2012 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమే 2016లో రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చింది.

మనకూ ఇది కొత్త కాదు గదా. సింధు 2016 రియో ఫైనల్ ఓడింది. 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనళ్లు ఓడింది. "ఫైనల్ అంటే ఈ అమ్మాయికి భయం" అని మా వీధి టీకొట్టు దగ్గర పెద్దమనుషులే అన్నారు, నా చెవులతో విన్నాను. 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహరా మీద 21-7, 21-7తో గెలిచాక ఆ నోళ్లే స్వీట్లు తిన్నాయి. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫ్ అమ్మాయి అదితి అశోక్ ఒక్క స్ట్రోకు తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, గోల్ఫ్ అంటే తెలియని మా ఇంట్లోవాళ్లు కూడా శనివారం పొద్దున్నే టీవీ ముందు కూర్చుని బర్డీ అంటే ఏమిటి, బోగీ అంటే ఏమిటి అని నన్నడిగారు. వారం తిరక్కుండా ఆ ఆసక్తి ఆరిపోయింది. అదితి మాత్రం ఆడుతూనే ఉంది.

ఇప్పుడు నా సొంత సంగతి. చాలా ఏళ్ల కిందట నా జట్టులో ఒక కబడ్డీ పిల్ల ఉండేది. జిల్లా పోటీల ఫైనల్లో ఆఖరి రెయిడ్. ఎవర్నీ తాకకుండానే కాలు లాబీలో, అంటే కోర్టు పక్కనుండే పట్టీలో, పడింది. అవుట్. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఊళ్లోకి వచ్చేసరికి ఆ పిల్లకు "లాబీ" అని పేరు పడిపోయింది. బడిలో, బావి దగ్గర, బస్సులో అదే పిలుపు. నెల తిరిగేసరికి గ్రౌండుకు రావడం మానేసింది. నా దగ్గరకు వచ్చిన రెయిడర్లలో అంత చురుకైన పిల్ల మరొకరు లేరు. ఆమె ఇంటికి వెళ్లి ఆమెతో, వాళ్ల నాన్నతో మాట్లాడి ఉండాల్సింది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. వచ్చే ఏడుకి ఆ పిల్లకు పెళ్లయిపోయింది.

కిమ్ ఇన్ క్యుంగ్‌కు ఆరేళ్లు ఆగి మళ్లీ ప్రయత్నించే చోటు దొరికింది. దాదాపు ప్రతి వారం ఒక పోటీ ఉంది, వెనక డబ్బు ఉంది, నేర్పేవాళ్లున్నారు. మన పల్లె పిల్లలకు ఏడాదికి ఒక్క మీట్. అందులో తప్పితే మిగిలేది ఆ తప్పు పేరే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పెద్ద పోటీలో ఓడినవాళ్ల ఏడుపు మొహం ఫొటో వేస్తారు. దానికి నేను అడ్డు చెప్పను, అదీ ఆటలో భాగమే. ఏడాది తర్వాతో రెండేళ్ల తర్వాతో అదే మనిషి ఏం చేస్తున్నదో కూడా నాలుగు వాక్యాలు వేయండి. క్రికెట్ సీజనులో కూడా. మహిళల గోల్ఫ్ ఫలితాలు మామూలుగా మన సోమవారం పొద్దునకల్లా తేలిపోతాయి. మంగళవారం పేపర్లో ఒక చిన్న డబ్బాలో వేయడానికి చోటు దొరకదా? మన దేశపు అమ్మాయిలు కూడా ఆడే ఆట అది.

ఇంకొక్క సంగతి. జిల్లా ఎడిషన్లో స్కూల్ గేమ్స్ వార్తలు వేసేటప్పుడు గెలిచిన జట్టు పిల్లల పేర్లు వరసగా ఇస్తున్నారు. ఫైనల్లో ఓడిన జట్టు పేరు ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. ఆ పిల్లల పేర్లు కూడా వేయండి. ఏ పాయింటు ఎవరు పోగొట్టారన్నది వద్దు, పేర్లు చాలు. మీ విలేఖరికి ఆ జాబితా కావాలంటే అడిగితే చాలు, ఏ బడి పీఈటీ అయినా సంతోషంగా రాసిస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని,
తెనాలి