నిఖానామా తెలుగులోనూ కావాలి
నిఖానామాలో, అంటే ముస్లిం పెళ్లి ఒప్పంద పత్రంలో, ఏం రాసుందో చదవలేకుండానే మన దగ్గర చాలామంది ఆడపిల్లలు సంతకం పెడుతున్నారు. ముస్లిం చట్టంలో సంస్కరణ అనగానే అందరూ 2017 సుప్రీంకోర్టు తీర్పు, 2019 ట్రిపుల్ తలాక్ చట్టం దగ్గరే ఆగిపోతారు గానీ, భార్యకే తలాక్ అధికారం అప్పగించే తఫ్వీజ్ షరతు ఇస్లాం పాత న్యాయశాస్త్రమైన ఫిఖ్హ్‌లోనే ఉంది, పెళ్లి ఒప్పందంలో రాసుకుంటే చాలు. ఎవరు రాస్తున్నారు? మొన్న వరంగల్ మండిబజార్‌లో ఒక నిఖాకు వెళ్తే, తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన పెళ్లికూతురికి ఉర్దూ కాగితం ఇచ్చి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు, షరతుల చోటు ఖాళీగానే వదిలేశారు (బిర్యానీ మెనూ మాత్రం నెల ముందే ఖాయం). ప్రభుత్వం నియమించే ఖాజీలకు మైనారిటీ సంక్షేమ శాఖ రెండు భాషల ఫారం ఇచ్చి, మెహర్ (వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ము), షరతులు అమ్మాయికి చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని ఆదేశించాలి.
- ఒక పాఠకురాలు, హనుమకొండ