మూడో తరగతిలో చేరిన బాబు గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెలలో మన బడి మూడో తరగతిలో ఒక బాబు చేరాడు. అతనికి సెరిబ్రల్ పాల్సీ ఉంది. డాక్టర్లు సీపీ అంటారు, పుస్తకాల్లో మస్తిష్క పక్షవాతం అని రాస్తారు. అప్పటి నుంచి మీలో చాలామంది నన్ను ఆపి అతని గురించి అడుగుతున్నారు. కొందరు టెన్షన్‌తో, కొందరు జాలితో. బాబు అమ్మానాన్నలతో మాట్లాడి, వాళ్ళు సరేనన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎక్కువమంది అడిగింది, ఇది అంటుకుంటుందా అని. అంటుకోదు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా, అతని చొంగ చేతికి తగిలినా మీ పిల్లలకు సీపీ రాదు.

ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చిందా అని కూడా అడిగారు. మర్రిగూడ, మునుగోడు వైపు వంకరపోయిన కాళ్ళను చూస్తూ పెరిగిన జిల్లా మనది, ఆ అనుమానం రావడం సహజమే. కానీ ఫ్లోరైడ్ పాడుచేసేది ఎముకలను, పళ్ళను. పెద్దవాళ్ళు అనుకుంటున్నట్టు ఇది పోలియో కూడా కాదు. మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో చివరి కేసు 2011 జనవరిలో బయటపడింది. సీపీలో దెబ్బ తగిలేది ఎదుగుతున్న మెదడుకు, అందులోనూ కదలికలను నడిపే భాగాలకు. బోరు మోటారు బాగానే ఉన్నా స్టార్టర్‌లో లోపముంటే నీళ్ళు సరిగా రావు కదా. ఇక్కడా అంతే. కాళ్ళూ చేతులూ ఉన్నా, మెదడు నుంచి వచ్చే ఆదేశం సరిగా అందక కండరాలు బిగుసుకుపోతాయి. కొందరిలో వాటంతటవే కదులుతుంటాయి.

ఆ దెబ్బ కడుపులో ఉండగానే తగలవచ్చు, కాన్పులో తగలవచ్చు, పుట్టాక తొలి ఏళ్ళలోనూ తగలవచ్చు. నెలలు నిండకుండా మరీ తక్కువ బరువుతో పుట్టడం, కాన్పులో బిడ్డకు ఆక్సిజన్ అందకపోవడం, పుట్టిన కొత్తలో పచ్చకామెర్లు ముదరడం, మెదడువాపు వంటివి తెలిసిన కారణాలు. కచ్చితమైన కారణం డాక్టర్లకూ దొరకని పిల్లలు చాలామందే ఉన్నారు. గ్రహణం నాడు తల్లి బయట తిరిగిందనో, ఎవరి పాపమో తగిలిందనో అనే మాటలు దయచేసి మానండి. ఆ తల్లి అలాంటివి ఇప్పటికే చాలా విన్నది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఒంటిని చూసి బుద్ధిని అంచనా వేయొద్దు. సీపీ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి బుద్ధి ఎదుగుదలలోనూ ఇబ్బంది ఉంటుంది, మిగతా వాళ్ళకు ఉండదు. మాట ముద్దగా వచ్చేది నోటి కండరాలు సహకరించక. మన బాబుకు ఎక్కాలు బాగా వచ్చు. "ఏడెనిమిదులు యాభై ఆరు" అని నోటి నుంచి బయటికి రావడానికే సమయం పడుతుంది. తొందరపెడితే కండరాలు ఇంకా బిగుస్తాయి, మాట మధ్యలోనే ఆగిపోతుంది. మొదట్లో తోటి పిల్లలు అతని బదులు తామే జవాబు చెప్పేసేవారు. ఇప్పుడు చేతులు కట్టుకొని ఎదురుచూస్తున్నారు. వాళ్ళు ఇంత తొందరగా నేర్చుకున్నందుకు నాకు ఎంతో గర్వంగా ఉంది.

హఠాత్తుగా పెద్ద శబ్దం వినిపిస్తే అతని ఒళ్ళంతా బిగుసుకుంటుంది. అందుకే ఆ గది పక్కనున్న గంటను వరండా చివరికి మార్చాం. మధ్యాహ్న భోజనంలో అన్నం మెత్తగా కలిపి, నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు పెడుతున్నాం. పొలమారితే ప్రమాదం. కాబట్టి ఎంత ప్రేమ ఉన్నా పల్లీలు, చాక్లెట్లు, బిస్కెట్లు అతని నోట్లో పెట్టొద్దని మీ పిల్లలకు ఇంట్లో గట్టిగా చెప్పండి. అడగకుండా వీల్ చైర్ తోయొద్దని కూడా చెప్పండి.

కొందరు తమ పిల్లలను అతని పక్క నుంచి వేరే బెంచీకి మార్చమన్నారు. మార్చను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా, అందరితో కలిసి చదువుకునే హక్కు ఉంది. చట్టం లేకపోయినా నా జవాబు ఇదే.

ఇంట్లో చంటిపిల్లలు ఉన్నవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. నాలుగో నెల దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిదో నెల దాటినా కూర్చోకపోయినా, పిడికిళ్ళు ఎప్పుడూ బిగించే ఉన్నా, ఎత్తుకున్నప్పుడు కాళ్ళు ఒకదాని మీద ఒకటి మెలిపడుతున్నా, ఏడాది నిండకముందే అన్నిటికీ ఒక్క చేతినే చాపుతున్నా డాక్టరుకు చూపించండి. ఇవి ఉన్న ప్రతి బిడ్డకూ సీపీ ఉన్నట్టు కాదు, కానీ "మగపిల్లలు ఆలస్యంగా నడుస్తారులే" అని ఆగొద్దు. తాయెత్తు కట్టించుకుంటారా, కట్టించుకోండి. దానికోసం ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం వాయిదా వేయొద్దు. మెదడులో తగిలిన దెబ్బ పెరగదు, దాన్ని పూర్తిగా మాన్పే మందూ లేదు. అయితే తొలి రెండు మూడేళ్ళలో మెదడు చాలా వేగంగా ఎదుగుతుంది. ఆ వయసులో మొదలుపెట్టిన ఫిజియోథెరపీ ఎంతో మేలు చేస్తుంది. సాధన లేకపోతే కీళ్ళు బిగుసుకుపోయి తర్వాత ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి రావచ్చు.

అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో చెప్తే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లతో ఉచితంగా పరీక్ష చేయిస్తారు. బడి ఈడు పిల్లలకు భవిత కేంద్రం ఉంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, థెరపీ అందించే సర్కారు కేంద్రం అది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్ తీసుకోండి, పెన్షన్‌కు అదే ఆధారం. దరఖాస్తు నింపడం తెలియకపోతే బడికి రండి, మేం నింపిపెడతాం.

మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశానికి భవిత కేంద్రం టీచరు వస్తున్నారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అనుమానం ఉన్న పసివాళ్ళు ఉంటే వెంట తీసుకురండి. అమ్మమ్మలు, నాయనమ్మలు తప్పకుండా రావాలి. అమ్మానాన్నలు కూలికి పోయినప్పుడు పిల్లల్ని చూసుకునేది మీరే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు