ధ్రువాల కథలో పైలట్లకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షల బిట్లలో ధ్రువాల మీద ఎప్పుడూ అవే ప్రశ్నలు. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిందెవరు? అముండ్‌సెన్. అంటార్కిటికాలో మన కేంద్రం పేరు? మైత్రి. ఆర్కిటిక్‌లో? హిమాద్రి. మా పిల్లలు గడగడా చెప్పేస్తారు. ఈ మూడింటితోనూ సంబంధమున్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు మాత్రం మన పాఠాల్లో గానీ పత్రికల్లో గానీ నాకు కనిపించలేదు. నార్వే నౌకాదళ పైలట్ యాల్మార్ రీసర్-లార్సెన్ (1890–1965).

1925 మే 21న, నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని నీ-ఒలెసుండ్ నుంచి రెండు డోర్నియర్ విమానాలు ఉత్తర ధ్రువం వైపు లేచాయి. నీళ్ల మీద కూడా దిగగలిగే విమానాలవి. ఒకదాంట్లో అముండ్‌సెన్ ఉన్నాడు, దాన్ని నడిపింది రీసర్-లార్సెన్. ధ్రువం ఇంకా 250 కిలోమీటర్లు ఉందనగా మంచు పలకల మధ్య దిగాల్సి వచ్చింది. దూరంగా దిగిన రెండో విమానం దెబ్బతింది. అందులోని ముగ్గురూ పలచటి మంచు మీదుగా నడిచి వస్తుంటే ఇద్దరు నీళ్లలో పడిపోయారు, మూడో మనిషి లాగితే బతికారు. ఇక మిగిలింది ఒకే విమానం, మనుషులేమో ఆరుగురు. చుట్టూ మంచు బిగుసుకుని విమానాన్ని నలిపేయకముందే దాన్ని పైకి లాగాలి, ఎగరడానికి రన్‌వే చెయ్యాలి. చేతిలో ఉన్నవి రెండు మూడు పారలు, ఒక గొడ్డలి, మంచులో దించే లంగరు, స్కీ కర్రలకు కట్టుకున్న కత్తులు. తిండి మనిషికి రోజుకు పావుకిలో. రన్‌వే చేస్తే మంచు చీలిపోయేది, మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. చివరికి ఐదొందల మీటర్ల మేర మెత్తటి మంచును కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరిచారు. అన్నీ కలిపి 500 టన్నుల మంచు కదిలించారని అంచనా. జూన్ 15న, అక్కర్లేని సామానంతా అక్కడే వదిలేసి, ఆరుగురితోనూ రీసర్-లార్సెన్ విమానం లేపాడు. పెట్రోలు అయిపోవస్తుండగా స్వాల్‌బార్డ్ ఉత్తర తీరాన దించాడు. అప్పటికే చాలామంది వాళ్ల మీద ఆశ వదిలేసుకున్నారు.

ధ్రువం చేరలేదు కాబట్టి ఇది ఏ బిట్‌లోనూ రాదు. నన్నడిగితే పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదే.

మరుసటి ఏడాది అదే నీ-ఒలెసుండ్ నుంచి నార్గే అనే ఎయిర్‌షిప్ (గాలికన్నా తేలికైన వాయువు నింపితే తేలే పెద్ద వాహనం) బయల్దేరి 1926 మే 12న ఉత్తర ధ్రువం మీదుగా సాగి అలాస్కాలో దిగింది. అంతకు ముందు ధ్రువం చేరామన్నవాళ్ల మాటల మీద ఇప్పటికీ సందేహాలున్నాయి, దీని మీద లేవు. ఎయిర్‌షిప్ నడిపింది ఇటలీకి చెందిన నోబిలె. సూర్యుణ్ని చూసి లెక్కలు కట్టి దారి చెప్పింది రీసర్-లార్సెన్. నార్గేను కట్టేసిన ఇనుప స్తంభం ఇప్పటికీ ఆ ఊళ్లో నిలబడే ఉంది. 2008లో మన హిమాద్రిని తెరిచింది ఆ ఊళ్లోనే.

1928లో నోబిలె మరో ఎయిర్‌షిప్‌లో వెళ్లి మంచు మీద కూలిపోతే వెతకడానికి వెళ్లినవాళ్లలోనూ ఈయన ఉన్నాడు. దగ్గర్లోంచే ఎగిరినా అంత మంచులో ఆ చిన్న గుడారం ఆయన కంట పడలేదు. అదే వెతుకులాటలో అముండ్‌సెన్ ఎక్కిన విమానం తిరిగి రానేలేదు.

1929–30లో నార్వేజియా ఓడ మీద అంటార్కిటికా వెళ్లి, విమానంలో తిరుగుతూ అప్పటిదాకా ఎవరూ చూడని తీరానికి మ్యాపులు గీయించాడు. ఆ ప్రాంతానికే నార్వేవాళ్లు తమ రాణి పేరిట క్వీన్ మాడ్ ల్యాండ్ అని పెట్టారు. మన మైత్రి ఉన్నది క్వీన్ మాడ్ ల్యాండ్‌లోనే. మైత్రిలో భూకంప తరంగాలు నమోదు చేసే కేంద్రాన్ని నడిపింది మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు. ఆ భూమి తమదేనని నార్వే అంటుంది గానీ, 1959 అంటార్కిటికా ఒప్పందం ఇలాంటి పేచీలన్నిటినీ పక్కన పెట్టింది కాబట్టి అక్కడ అన్ని దేశాలూ పరిశోధన చేసుకోగలుగుతున్నాయి. ఈ సంగతి కూడా పాఠంలో ఒక ముక్కగా రావాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే జర్మన్ల చేతిలో పడినప్పుడు, బయటి దేశాల్లో ఉంటూ తమ వైమానిక దళాన్ని నడిపించినవాళ్లలో ఆయనొకడు. యుద్ధం తర్వాత విమాన సంస్థల్లో పనిచేశాడు.

మీ పత్రిక విద్య పేజీ మా స్కూల్లో పిల్లలే కత్తిరించి గోడకు అంటిస్తారు. అందుకే అడుగుతున్నాను. ధ్రువాల మీద ఈసారి రాసేటప్పుడు ప్రశ్న, జవాబుతో ఆపేయకండి. మీ పేజీలో ఒక్క అరపేజీ చాలు. 1925 కథ పూర్తిగా, పక్కన హిమాద్రి, మైత్రి రెండూ గుర్తుపెట్టిన మ్యాపు వేయండి. విమానం నడిపినవాళ్ల పేర్లు, బాగుచేసిన మెకానిక్‌ల పేర్లు కూడా రాయండి. పాఠ్యపుస్తకాలు తయారుచేసే రెండు రాష్ట్రాల అధికారులకూ ఇదే నా విన్నపం.

– ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, నల్గొండ